పెద్దమనుషుల మాట

 

ప్రతి వారం ఒక వాక్యభాగము తీసుకొని ధ్యానిస్తున్నాము. ఈ వారం ఒక రోడ్డు మీద ప్రయాణం చేద్దాం. హైదరాబాదులో లంగర్‌హౌస్ దాటి బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే అజీజ్‌నగర్ వస్తుంది, ఆ తర్వాత మొయినాబాద్, ఆపైన చేవెళ్ల. దారికి అటూ ఇటూ పాత మర్రిచెట్లు. ఆ నీడలో ఎన్ని పార్టీల జెండాలు పోయినవో ఆ చెట్లకే తెలియాలి. ఈ కొద్ది దూరంలో గత డెబ్బై ఏళ్లుగా మన నాయకులు ఇచ్చిన మాటలేమిటి, వాటి గతి ఏమైంది అని చూస్తే, పెద్ద పెద్ద గ్రంథాలు చదవనక్కరలేకుండానే ఒక సంగతి మనకు తెలుస్తుంది. నాయకత్వంలో సత్యము ఒక్క రోజులో చచ్చిపోదు. మొదట ఒక చిన్న మాట తప్పుతారు, ఎవరూ అడగరు. అక్కడ మొదలవుతుంది.

మొయినాబాద్ మండలంలో పెద్దమంగళారం అనే ఊరుంది. 1890లో కొండా వెంకట రంగారెడ్డి గారు ఆ ఊళ్లో పుట్టారు. మన రంగారెడ్డి జిల్లాకు ఆ పేరు ఆయన వల్లనే వచ్చింది. మా సండే స్కూలు పిల్లలను అడిగాను, జిల్లాకు ఆ పేరు ఎందుకు వచ్చిందని. ఒక పిల్లవాడు సినిమా నటుడి పేరు చెప్పాడు. వాడిదేం తప్పు లేదు, చెప్పని మనదే తప్పు. రంగారెడ్డి గారు హైదరాబాదులో పేరున్న వకీలు. నిజాం కాలంలో తెలుగు మాట్లాడడానికే సభల్లో ధైర్యం కావలసిన రోజులవి. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్రమహాసభకు ఆయన అధ్యక్షుడు. తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రి అయ్యారు.

ఇప్పుడు 1955కు రండి. రాష్ట్రాల పునర్విభజన సంఘము, అంటే ఫజల్ అలీ గారి కమిషన్, ఆ సంవత్సరం సెప్టెంబరు చివర తన నివేదిక ఇచ్చింది. తెలంగాణను వెంటనే ఆంధ్రలో కలపవద్దు, 1961 నాటి ఎన్నికల తర్వాత హైదరాబాద్ శాసనసభలో మూడింట రెండు వంతులమంది ఒప్పుకుంటే అప్పుడు కలపండి అని దాని సారాంశం. రంగారెడ్డి గారు, ఆయన మేనల్లుడు మర్రి చెన్నారెడ్డి గారు విలీనం వద్దన్నవారే. అయితే ఢిల్లీ గాలి వేరుగా వీచింది. భాష ఒక్కటి గనుక ఒకే రాష్ట్రం కావాలని కోరేవారు రెండు వైపులా బలంగా ఉన్నారు. వాళ్ల కోరికలో తప్పేమీ లేదు. ఒక్క భాష మాట్లాడేవారు కలిసి బ్రతకాలనుకోవడం పాపం కాదు. చివరకు కలుద్దాం, కాని కొన్ని రక్షణలు రాసుకుందాం అనే చోటికి వచ్చారు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాద్ హౌస్‌లో ఎనిమిది మంది కూర్చున్నారు. ఆంధ్ర వైపు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు గార్లు. తెలంగాణ వైపు బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు గార్లు. వాళ్లు రాసుకున్న కాగితానికి పెద్దమనుషుల ఒప్పందం అని పేరు వచ్చింది. ఆ పేరు గమనించండి. సాక్షి సంతకాలు అక్కరలేదు, కోర్టు ముద్ర అక్కరలేదు, మనం పెద్దమనుషులం, మన మాటే చాలు అని ఆ పేరులో ఉంది.

అందులో ఏమి రాశారు? ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉప ముఖ్యమంత్రి రెండవ ప్రాంతంవారు కావాలి. మంత్రివర్గంలో ఆంధ్రవారు నూటికి 60, తెలంగాణవారు 40 ఉండాలి. తెలంగాణలో వచ్చే ఆదాయంలో మిగులు తెలంగాణలోనే ఖర్చు పెట్టాలి. ఇక్కడి ఉద్యోగాలకు 12 ఏళ్ల స్థిరనివాసం ఉండాలి. వ్యవసాయ భూముల అమ్మకాల మీద ప్రాంతీయ మండలికి అదుపు ఉండాలి. ఈ చివరి మాట మొయినాబాద్, చేవెళ్ల రైతులకు ఎంత అవసరమైనదో తర్వాతి కాలం చూపించింది. ఈ దారి వెంట ఎకరాలు గజాలై అమ్ముడుపోవడం చూసినవారికి నేను చెప్పనక్కరలేదు.

ఆ సంవత్సరం మార్చిలో పండిత నెహ్రూ గారు నిజామాబాద్ వచ్చి, ఈ కలయికను పెళ్లితో పోల్చి, పొసగకపోతే విడిపోయే వీలు కూడా ఉంటుందన్నట్టు మాట్లాడారని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది. నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి. ఆయన ఆంధ్ర ప్రాంతంవారు గనుక ఒప్పందం ప్రకారం తెలంగాణ నుండి ఉప ముఖ్యమంత్రి కావాలి. ఎవరినీ నియమించలేదు. అడిగితే, ఆ పదవి చేతికి ఆరో వేలులాంటిదని ఆయన అన్నట్టు చరిత్ర రాసినవారు రాస్తారు. ఫిబ్రవరిలో సంతకం చేసిన చెయ్యి, నవంబరులో ఆరో వేలు అన్న నోరు, రెండూ ఒకే మనిషివి. తొమ్మిది నెలలు నిండకముందే అన్నమాట.

కొందరు అడగవచ్చు, అయ్యగారూ, ఒక పదవి ఇవ్వకపోతే ప్రజలకు పోయిందేమిటి అని. నిజమే, ఉప ముఖ్యమంత్రి పదవితో ఏ పేదవాడి పొయ్యి వెలగదు. అయితే మొదటి షరతు, అందరికీ కనబడే షరతు, ఏ ఖర్చూ లేని షరతు పోయినప్పుడు, కనబడని లెక్కల్లో ఉన్న షరతుల సంగతి ఏమవుతుంది?

ప్రియులారా, యెహోషువ గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో గిబియోను నివాసుల సంగతి మీకు తెలుసు. పాత గోనెలు, చినిగిన ద్రాక్షారసపు తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, బూజు పట్టిన రొట్టెలు పట్టుకొని దూరదేశస్థులమని అబద్ధమాడి ఇశ్రాయేలీయుల దగ్గర ప్రమాణం చేయించుకున్నారు. మూడు దినములకే మోసం బయటపడింది. సమాజమంతా ప్రధానుల మీద సణిగింది. అయినా ఆ ప్రధానులు మాట తప్పలేదు, ప్రమాణం చేశాము గనుక వారిని ముట్టకూడదన్నారు. మోసంతో తీసుకున్న మాటను కూడా నిలబెట్టుకున్నారు. హైదరాబాద్ హౌస్‌లో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. కళ్లు తెరుచుకొని, చదివి, సంతకాలు పెట్టారు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. సంజీవరెడ్డి గారిని చెడ్డవాడని చెప్పి కూర్చోవడం నా ఉద్దేశం కాదు, అది న్యాయం కూడా కాదు. కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు తన ప్రభుత్వం మీద వ్యాఖ్యలు చేసినందుకు 1964లో ఆయన ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. ఈ రోజుల్లో కోర్టు తిడితే అప్పీలుకు పోతారు గాని ఇంటికి పోరు. 1967లో లోక్‌సభ స్పీకర్ అయినప్పుడు పార్టీ సభ్యత్వమే వదులుకున్నారు. అదే మనిషి! ఒక చోట అంత పట్టుదల ఉన్నవాడు ఇంకొక చోట ఇచ్చిన మాటను అంత తేలికగా ఎలా తీసేశాడు? నేను చాలాసార్లు ఆలోచించాను. నాకు తోచిన జవాబు ఇది. కోర్టు బలమైనది, దానికి జవాబు చెప్పాలి. తెలంగాణ ఆనాడు బలహీనమైనది, దానికి జవాబు చెప్పకపోయినా నడుస్తుంది. మన శీలము బలవంతుల ముందు కాదు, బలహీనులకు ఇచ్చిన మాట దగ్గర బయటపడుతుంది.

ఆ 1956లోనే ఇంకొకటి జరిగింది. సెప్టెంబరు నెల మొదట్లో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కొట్టుకుపోయి రైలు పడిపోయింది, వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు రాజీనామా ఇస్తే నెహ్రూ గారు ఒప్పుకోలేదు. నవంబరులో తమిళదేశంలో అరియలూరు దగ్గర మరో ప్రమాదం జరిగినప్పుడు మళ్లీ రాజీనామా ఇచ్చి, ఈసారి పదవి విడిచిపెట్టారు. వంతెన ఆయన కట్టలేదు, రైలు ఆయన నడపలేదు. అంటే ఆ కాలంలో అందరూ అలాగే ఉండేవారు అని మనం సర్దుకోవడానికి వీలు లేదు. ఒకే సంవత్సరంలో, ఒకే పార్టీలో, రెండు రకాల మనుషులూ ఉన్నారు.

రంగారెడ్డి గారికి ఉప ముఖ్యమంత్రి పదవి వచ్చింది, కాని దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయిన తర్వాత. 1960 నుండి 62 వరకు రెండేళ్లే సంజీవయ్య గారి పరిపాలన. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. కర్నూలు జిల్లా పెద్దపాడులో బీద ఇంట పుట్టి, పదవిలో ఉన్నా ఆ బీదతనాన్ని దాచుకోనివాడు. అవినీతి నిరోధక శాఖ, మనం ఏసీబీ అంటామే, అది 1961 జనవరిలో ఆయన కాలంలోనే ఏర్పడింది. ఒప్పందంలోని ఆ షరతును గౌరవించినవాడు ఎవరో చూడండి. మాట ఇచ్చిన ఎనిమిది మందిలో ఆయన లేడు. 1962లో ఆయన దిగిపోగానే ఆ ఆరో వేలు మళ్లీ తెగింది.

ఇక లెక్కల సంగతి. 1969లో ఆడిట్ అధికారి కుమార్ లలిత్ గారు కూర్చొని పన్నెండేళ్ల పద్దులు చూశారు. తెలంగాణలో ఖర్చు పెట్టవలసిన మిగులు 34 కోట్ల 10 లక్షల రూపాయలు ఇక్కడ ఖర్చు కాలేదని తేల్చారు. ఆనాటి 34 కోట్లు! ఎన్ని బడులు, ఎన్ని చెరువు కట్టలు, ఎన్ని దవాఖానాలు! అయితే ఆ లెక్క వచ్చేసరికే వీధులు రగిలిపోయినవి. 1969 జనవరిలో ఖమ్మం, పాల్వంచల నుండి మొదలైన విద్యార్థుల ఆందోళన ఊరూరా పాకింది. పోలీసు కాల్పుల్లో, ఆ గొడవల్లో చనిపోయినవారు 370 మంది దాకా అని ఉద్యమంలో ఉన్నవారు చెబుతారు. హైదరాబాదులో శాసనసభకు ఎదురుగా గన్‌పార్కులో స్తూపం వారి కోసమే.

రెండవ సమూయేలు 21వ అధ్యాయములో గిబియోనీయుల కథ తిరిగి వస్తుంది. యెహోషువ నాటి ప్రమాణాన్ని ఎన్నో తరముల తర్వాత సౌలు తప్పి వారిని చంపాడు. అయితే కరువు సౌలు కాలంలో రాలేదు, దావీదు కాలంలో వచ్చింది, మూడు సంవత్సరాలు. మాట తప్పినవాడు ఒకడు, ఆకలికి మాడినవారు వేరొకరు. 1969లో చనిపోయిన ఆ కాలేజీ పిల్లల్లో చాలామంది 1956లో పలక పట్టుకున్న వయసువారు.

మాట తప్పినది ఒక్క వైపువారేనని అనుకుంటే చరిత్ర మనకు అడ్డం వస్తుంది. చెన్నారెడ్డి గారిని తీసుకోండి. 1967లో తాండూరు నుండి గెలిచిన ఎన్నిక చెల్లదని కోర్టు తీర్పు ఇవ్వగా, 1968లో కేంద్ర మంత్రి పదవి పోయింది. 1969లో తెలంగాణ ప్రజా సమితికి నాయకుడయ్యారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ప్రత్యేక రాష్ట్రం అన్న ఒక్క మాట మీద ప్రజలు ఆ పార్టీకి 14 స్థానాల్లో 10 ఇచ్చారు. అదే సెప్టెంబరులో ఆ పార్టీని కాంగ్రెసులో కలిపేశారు. బ్రహ్మానందరెడ్డి గారు దిగిపోయి పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. రాష్ట్రం మాత్రం రాలేదు. అది వచ్చేసరికి 2014 జూన్ 2. రంగారెడ్డి గారు ఇదంతా చూడకుండా 1970లోనే కన్నుమూశారు. మేనల్లుడు ముఖ్యమంత్రిగా ఉండగా 1978 ఆగస్టు 15న ఏర్పడిన కొత్త జిల్లాకు మేనమామ పేరు వచ్చింది. పేరు నిలిచింది, ఆయన సంతకం పెట్టిన కాగితం నిలవలేదు.

ఇక మర్రిచెట్ల దారిలో ముందుకు పోదాం. చేవెళ్ల. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ఇక్కడి నుండే పాదయాత్ర మొదలుపెట్టి జూన్ 15న ఇచ్ఛాపురంలో ముగించారు. ఎండలో నడిచి ఇచ్చిన మాటల్లో రైతుకు ఉచిత కరెంటు ఒకటి. 2004 మే 14న ప్రమాణస్వీకారం చేసిన చోటే ఆ ఫైలు మీద సంతకం చేశారు. ఆయన పరిపాలన మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు, ఆ ఒక్క మాట మాత్రం నిలిచింది, అది ఒప్పుకోవాలి. ఆ తర్వాత 2008లో ప్రాణహిత–చేవెళ్ల అని ఒక పథకం వచ్చింది. 38,500 కోట్ల అంచనాతో, అంబేద్కర్ గారి పేరుతో, ఆదిలాబాద్ జిల్లా తుమ్మిడిహట్టి దగ్గర నుండి నీళ్లు చేవెళ్ల దాకా తెస్తామన్నారు. 2016లో ఆ పథకాన్ని మార్చి కాళేశ్వరం చేశారు. కొత్త పథకంలో చేవెళ్ల లేదు. మీకు పాలమూరు–రంగారెడ్డి నీళ్లు ఇస్తామన్నారు. పథకాలు మార్చడానికి ఇంజనీర్లకు కారణాలు ఉంటాయి, నేను ఇంజనీరును కాను. కాని మా చేవెళ్ల రైతు ఇంకా మొగులు వైపే చూస్తున్నాడు. పేరులో మాత్రం ఎనిమిదేళ్లు నీళ్లు పారినవి.

అజీజ్‌నగర్ సంగతి దాటి వచ్చాము, వెనక్కు పోదాం. 2022 అక్టోబరు 26 రాత్రి అక్కడి ఒక ఫామ్‌హౌస్ మీదికి పోలీసులు వెళ్లారు. నలుగురు శాసనసభ్యులను పార్టీ మార్పించడానికి వంద కోట్ల దాకా ఆశ చూపారని ఫిర్యాదు. ముగ్గురిని అరెస్టు చేశారు. ఆరోపణకు గురైన పార్టీ అది తమపై అల్లిన కట్టుకథ అన్నది. ఆ సంవత్సరం డిసెంబరు 26న హైకోర్టు కేసును సీబీఐకి ఇమ్మన్నది. ఎవరు దోషులో చెప్పవలసింది న్యాయస్థానమే, నేను కాదు. నేను చెప్పేది అందరికీ తెలిసిన సంగతి. ఆ నలుగురిలో ముగ్గురు 2018లో వేరొక పార్టీ గుర్తు మీద గెలిచి, 2019లో అధికార పార్టీలోకి వచ్చినవారే. అప్పుడు అది విలీనము. ఇప్పుడు అది కొనుగోలు. మనవైపు వస్తే అభివృద్ధి కోసం, అవతలికి పోతే ద్రోహం. ఫిరాయింపుల చట్టం 1985 నుండి ఉంది. చట్టానికి కన్నం ఎక్కడుందో వెతికేవారికి అది ఎప్పుడూ దొరుకుతూనే ఉంది.

2024 లోక్‌సభ ఎన్నికల్లో చేవెళ్ల స్థానానికి మూడు పెద్ద పార్టీల నుండి నిలబడిన ముగ్గురూ అంతకుముందు వేరే పార్టీల్లో ఉన్నవారే. ఒకరు రంగారెడ్డి గారి మనుమడు, ఆయనే గెలిచారు. చేవెళ్ల అసెంబ్లీ స్థానంలో 2014లో ఒకసారి, 2024లో మరోసారి, ప్రజలు ఒక గుర్తుకు ఓటేస్తే గెలిచినవారు అధికారమున్న గుర్తు కిందికి మారారు. పార్టీ మారడం ప్రతిసారీ పాపమని నేను అనను. మనస్సాక్షి కోసం మారేవాడు ఉండవచ్చు. అయితే అలాంటివాడు మొదట పదవికి రాజీనామా చేసి, మళ్లీ ఓటరు గడపకు వస్తాడు.

నాయకుల సంగతి చాలా చెప్పాను. ఇప్పుడు నా సంగతి చెబుతాను, ఎందుకంటే చెప్పకపోతే పై మాటలు చెప్పే హక్కు నాకు లేదు.

కొన్నేళ్ల క్రితం ఎన్నికలప్పుడు ఈ దారిలోనే ఒక పల్లెలో నేను చూసే చిన్న సంఘానికి ఒక అభ్యర్థి ఆదివారం ఆరాధనకు వచ్చాడు. అతని పేరు, పార్టీ అనవసరం. సమాధుల తోటకు ప్రహరీ గోడ లేక పశువులు, పందులు తిరిగేవి. గెలిస్తే గోడ కట్టిస్తానన్నాడు. ఆరాధన అయ్యాక నేనే మైకు తీసుకొని, అన్నగారు మాట ఇచ్చారు, మన గోడ వచ్చినట్టే అని చెప్పి చేతులెత్తించాను. గెలిచాడు. రెండేళ్లు తిరిగాను. మొదట రేపు రమ్మన్నాడు, తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు.

ఆ తర్వాత ఒక వృద్ధురాలి భర్తను అదే తోటలో సమాధి చేశాము. అంతా అయిపోయి జనం వెళ్తున్నప్పుడు ఆమె నా దగ్గరకు వచ్చింది. గోడ గురించి ఆ నాయకుడిని తిడుతుందేమో అనుకొని, ఏం చేస్తామమ్మా, వాళ్లంతా అంతే అన్నాను.

“అయ్యగారూ, ఆయన మాట మేమెన్నడు నమ్మలే. మీరు చెప్పిన్రని చెయ్యెత్తినం” అన్నది.

తరువాతి ఆదివారం ప్రసంగం చేయలేదు. సంఘము ముందు నిలబడి క్షమాపణ అడిగాను. పెద్దలు ఏమీ అనలేదు. ఒక తమ్ముడు తన ట్రాక్టరు మీద బండరాళ్లు తెచ్చి తోట దగ్గర పోశాడు, ఇంకొకరు సిమెంటు తెచ్చారు. ఇప్పటికి రెండు వైపుల గోడ లేచింది. రోడ్డు వైపు, చేను వైపు ఇంకా ఉంది. మొన్నటి ఎన్నికలప్పుడు మరొకాయన వచ్చి, మిగతా రెండు వైపులా నేను కట్టిస్తానన్నాడు. మైకు ఇవ్వమని అడిగాడు. చాయ్ ఇచ్చి పంపించాము.